వెన్నుదూలం మీద పలక

కరసవా యోషితాకా మీద షిమోజిమాకి ఒళ్ళుమంట బూట్ల దగ్గర మొదలైంది. ఇంకా నేలబల్లలు పరవని ఇల్లది. అడుగు వేస్తే రంపప్పొట్టు లేస్తుంది. సోమవారం అలాంటి చోటికి వచ్చి ఆ మనిషి గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. మునివేళ్ళతో వాటి ముక్కులు వీధి వైపు తిప్పి జతగా పెట్టాడు. సంచిలోంచి తెల్లటి మెత్తని చెప్పులు తీసి తొడుక్కున్నాడు. పూర్తయిన ఇంట్లో చెయ్యాల్సిన మర్యాద పూర్తికాని ఇంట్లో చేస్తే అది ఎగతాళి. జపాన్ కొండల మధ్య ఈ ఇనా లోయలో గడ్డం రాకముందు నుంచీ ఇళ్ళు కడుతున్న షిమోజిమాకి ఆ మాత్రం తెలుసు.

"మేస్త్రి గారూ, మీ పనికి అడ్డం వస్తున్నాను. ఏమీ అనుకోకండి," అన్నాడు కరసవా నడుం దాకా వంగి.

"అడ్డం రావడానికేగా వచ్చింది. కానివ్వండి." షిమోజిమా చేతిలో చిత్రిక దించలేదు.

పోయిన ఏప్రిల్ దాకా చిన్న ఇంటికి ఈ గోల లేదు. ఇప్పుడు ఎంత చిన్న ఇల్లయినా సరే, గోడలో గాజుదూది ఎంత మందం, కిటికీకి ఎన్ని అద్దాలు, నీళ్ళు కాచే యంత్రం ఎంత కరెంటు తాగుతుంది, అన్నీ లెక్కకట్టి చూపిస్తేనే కట్టుకోనిస్తారు. ఆ లెక్క షిమోజిమాకి రాదు. తొమ్మిదో తరగతి అవగానే ఉలి పట్టినవాడు. లోయలో అలాంటి మేస్త్రీలందరి లెక్కలూ కరసవా ఆఫీసుకే పోతాయి. కరసవా చట్టం అడిగింది అడిగినట్టు చేసి ఊరుకున్నా బాగుండేది. చట్టంలో లేని గాలి పరీక్ష ఒకటి కొనేవాళ్ళ చెవిలో ఊదాడు. కిటికీలో పంకా బిగించి ఇంట్లో గాలి బయటికి లాగి, ఎక్కడెక్కడి సందుల్లోంచి ఎంత గాలి లోపలికి వస్తోందో కొలుస్తారు. అంకె ఒకటికి లోపు రావాలి. వస్తేనే ఇల్లు కొంటామని మొమోసె దంపతులు ఒప్పందంలో రాయించుకున్నారు.

ముందు స్థలంలో ఈ ఇల్లు. వెనక షిమోజిమా పనిశాల, దుంగలు ఎండబెట్టే దొడ్డి. రెండూ కలిపి సహకార బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఇల్లు అమ్ముడైతే అప్పు తీరి వెనకది మిగులుతుంది. లేకపోతే రెండూ పోతాయి.

మొమోసె దంపతులు కూడా వచ్చారు. భర్త గడియారాల ముక్కలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మాట్లాడేముందు కళ్ళద్దాలు సర్దుకుంటాడు. భార్య చికా ఏడో నెల కడుపుతో గోడకి చేరబడి నిలబడింది.

"చలేస్తోందా అమ్మా?" అన్నాడు షిమోజిమా. "ఈ పంకాతో పనేముంది! ఇల్లన్నాక ఊపిరి తియ్యాలి. ఊపిరి బిగపట్టుకుని మనిషైనా ఎంతసేపుంటాడు?"

"మా అమ్మమ్మ ఇల్లు కూడా బాగా ఊపిరి తీసేదండీ," అంది చికా మెల్లిగా. "జనవరిలో స్నానానికి బట్టలు విప్పుకుని, చలి దెబ్బకి గుండె ఆగి అక్కడే పడిపోయింది. మేం వెళ్ళి చూసేసరికి తొట్టిలో నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి."

షిమోజిమా చిత్రిక తిరగేసి, దాని నోట్లో ఇరుక్కున్న పొట్టు ఊదాడు.  ఇలాంటి మాట కరసవా వల్ల వినాల్సివచ్చిందని అతని మీద కోపం ఇంకాస్త పెరిగింది.

కరసవా దక్షిణం కిటికీలో ఎర్రగుడ్డ చట్రం బిగించి పంకా పెట్టాడు. అది తిరగడం మొదలెట్టగానే గోడలకి కట్టిన ప్లాస్టిక్ షీట్లన్నీ ఒక్కసారి లోపలికి పొట్టలు ఉబ్బించాయి. చెవుల్లో గుయ్యిమంది. ఇంటి పీక ఎవరో పట్టుకున్నట్టు అయిపోయింది. పంకా ఆగాక కరసవా యంత్రం వైపు వంగి, వంగినవాడు కాసేపు లేవలేదు.

"ఒకటి పాయింట్ నాలుగు."

మొమోసె కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

కరసవా వేడినీ చలినీ రంగుల్లో చూపించే కెమెరా తీసి, పంకా మళ్ళీ తిప్పి, గోడల వెంట నడిచాడు. మూలలు చూశాడు, కిటికీ అంచులు చూశాడు. తర్వాత కెమెరా కప్పు వైపు ఎత్తాడు. పైన, నడికప్పు పొడుగునా సాగే వెన్నుదూలానికి కొట్టిన పలక ఉంది. దూలం ఎత్తిన రోజు తారీఖు, కింద షిమోజిమా కాన్‌జి అన్న పేరు, కుంచెతో రాసినవి. చుట్టూ తెల్లటి షీటు, మధ్యలో ఆ పలక ఇంట్లోకి చూస్తోంది. కరసవా కెమెరా అలాగే కాసేపు పట్టుకున్నాడు. తర్వాత దించేశాడు. 

"కొన్ని చోట్ల సందులున్నట్టున్నాయి. పైభాగం కూడా మేస్త్రి గారు వీలుచూసుకుని ఒకసారి... నేను చెప్పేంతవాణ్ణి కాదనుకోండి."

"పైభాగమంతా నా చేతి చెక్క. నా చెక్కలో సందుందంటారా?"

"అబ్బెబ్బే! ఆ మాట నేనెందుకంటాను?"

"మరింకేం? గాలి చెక్కలోంచి రాదు. ఆ ప్లాస్టిక్కులోంచి వస్తుంది." షిమోజిమా చిత్రిక పట్టుకున్న చేత్తోనే గుమ్మం వైపు చూపించాడు. "ఇదిగో, ఈవిడ కట్టింది. అడగండి."

గుమ్మం దగ్గర సుమియే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. గోడల్లో గాజుదూది నింపడం, దాని మీద షీటు కట్టడం, అతుకులకి టేపు అంటించడం ఆవిడ పని. మోచేతుల దాకా తొడుగులు, ముఖానికి గుడ్డ.

"టేపు అంటించడం కూడా చేతకాకపోతే ఇంట్లో కూర్చుని ముల్లంగి ఊరేసుకోవాలమ్మా. ఆడదానికి ఈ పని ఇవ్వొద్దని నలుగురూ చెప్పారు. నేనే వినలేదు."

మొమోసె భార్య తల పక్కకి తిప్పుకుంది. సుమియే ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. నోరు తెరిచింది. ఆవిడ చూపు ఒక్కసారి కప్పు దాకా పోయి దిగింది. తెరిచిన నోరు మూసుకుని, గుడ్డ మళ్ళీ పైకి లాక్కుంది.

"చూస్తాను మేస్త్రీ," అంది.

మర్నాడు పొద్దున్నే సుమియే వ్యాను వచ్చింది. ఒక్క మాట లేకుండా ప్రతి స్విచ్చు పెట్టె చుట్టూ, ప్రతి గొట్టం చుట్టూ పాత టేపు పీకి కొత్తది అంటించడం మొదలెట్టింది. టేపు అంటించి, బొటనవేలి గోరుతో అంచు పొడుగునా గట్టిగా రుద్దుతుంది. చలికి ఆ వేలు పగిలి ఉంది. రుద్దినచోటల్లా తెల్లటి షీటు మీద సన్నటి ఎర్రచార. దాన్ని మోచేత్తో తుడుస్తుంది, మళ్ళీ రుద్దుతుంది.

షిమోజిమా ఇంట్లో పూజామందిరంలోంచి అగరొత్తుల కట్ట తెచ్చాడు. కరసవా ఇంకో పంకా వదిలి వెళ్ళాడు, చిన్నది, సందులు వెతుక్కోమని. దాన్ని తిప్పి, వెలిగించిన అగరొత్తి పట్టుకుని గోడల వెంట నడిచాడు. సందుంటే పొగ అటో ఇటో వంగాలి. తను కోసి కూర్చిన స్తంభాల దగ్గర, దూలాల కీళ్ళ దగ్గర పొగ నిటారుగా లేచింది. ఒక్క కీలు దగ్గర కూడా తల వంచలేదు. ప్రతి కీలు దగ్గరా అవసరానికి మించి ఆగాడు. సుమియే చూస్తోందో లేదో ఓరగా చూశాడు.

"శవం లేచిన ఇంటి వాసనొస్తోంది మేస్త్రీ," అంది సుమియే నిచ్చెన మీంచి. "ఎవరిదో?"

"కరసవాది అయితే నా ఖర్చుతో చేయిస్తాను."

"ఆయన చెప్పులతో సహానా?"

షిమోజిమాకి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు ఈవిడకి ఇవ్వడం ఇష్టంలేక దగ్గాడు.

"నవ్వులాటలు తర్వాత. ఆ స్నానాలగది గొట్టం దగ్గర పొగ వంగింది. చూడు."

"అది నేను మూశాను. మీ నీళ్ళపనివాడు మళ్ళీ కదిపాడు."

"ఎవడు కదిపితేనేం, మూయాల్సింది నువ్వేగా."

"నేనే," అంది సుమియే. "ఎవరు కదిపినా, ఎవరు కోసినా మూయాల్సింది నేనే. ఈ ఇంట్లో ఆ సంగతి నాకు బాగా తెలిసింది."

ఆ మాటలో ఏదో ఉందని షిమోజిమాకి అనిపించింది. ఆడవాళ్ళ దెప్పిపొడుపు అనుకుని వదిలేశాడు.

మధ్యాహ్నం అతను కిరసనాయిలు పొయ్యి పక్కన కూర్చుని అన్నం ముద్దలూ ఊరవేసిన ఆకుకూరా తిన్నాడు. సుమియేని రమ్మనలేదు. ఆవిడ వ్యానులో తలుపేసుకుని తింది. తిని వచ్చి మళ్ళీ నిచ్చెన ఎక్కింది.

రెండో రోజు సాయంత్రానికి కింది నుంచి పైదాకా అంతా చూశారు. మిగిలింది నడికప్పు. సుమియే పొడుగు నిచ్చెన తెచ్చి వెన్నుదూలం కింద వేసింది. వేసి పక్కకి తప్పుకుంది.

"అగరొత్తితో పైన కూడా చూడండి మేస్త్రీ."

"పైన ఏముందని? పలక."

"అక్కడే చూడమంటున్నాను."

షిమోజిమా ఆవిడ వైపు తేరిపార చూశాడు. "మతి ఉండే మాట్లాడుతున్నావా? పేరు రాసిన పలక ముందు అగరొత్తి ఎప్పుడు పడతారు? నేనింకా చావలేదు. చస్తే అప్పుడు పట్టుదువుగాని, నీకంత సరదాగా ఉంటే."

సుమియే నిచ్చెన మడిచింది.

గురువారం కరసవా మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బూట్లు, ముక్కులు వీధి వైపు. మళ్ళీ తెల్ల చెప్పులు. పంకా తిరిగింది, షీట్లు ఉబ్బాయి, చికా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. రెండు రోజులు గోరు అరిగేలా రుద్దిన టేపు ఎక్కడా లేవలేదు.

"ఒకటి పాయింట్ మూడు," అన్నాడు కరసవా.

 పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు.

"మేం ఇంటికెళ్ళి బాగా ఆలోచించుకుని చెబుతామండీ," అన్నాడు మొమోసె కళ్ళద్దాలు సర్దుకుని. అలా అన్నవాళ్ళు మళ్ళీ రావడం షిమోజిమా తన జన్మలో చూడలేదు.

దంపతులు కారెక్కాక కరసవా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు: "వాళ్ళని సోమవారం మధ్యాహ్నం దాకా ఆపాను మేస్త్రి గారూ. ఈలోపు మీకేమైనా తోస్తే ఫోను చెయ్యండి. ఆదివారమైనా సరే. పంకా తీసుకుని నేనే వస్తాను. ఇంకెవరికీ తెలియనక్కర్లేదు."

"నాకు తోచింది ఇప్పుడే చెబుతాను, వినండి. మీ నాన్న తన కలప కొట్లో పచ్చి దేవదారు ఎండిందని అమ్మాడు. మీరు గాలి అమ్ముతున్నారు. ఆయన సరుకు కనీసం కంటికి కనపడేది."

కరసవా ముఖంలో రంగు మారింది. అయినా వంగాడు. వంగి లేచి గుమ్మం వైపు నడిచాడు. షిమోజిమా అతని కన్నా ముందు గుమ్మం చేరి, జతగా పెట్టిన ఆ బూట్లని కాలితో ఒక్క తోపు తోశాడు. ఒకటి మెట్టు మీద ఆగింది. రెండోది బురదలో బోర్లా పడింది.

కరసవా తెల్ల చెప్పులు విప్పి మేజోళ్ళతోనే బురదలోకి దిగాడు. బూటు ఎత్తి, జేబురుమాలు తీసి, పైన తుడిచాడు, అంచులు తుడిచాడు, అడుగు కూడా తుడిచాడు. తొడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక్కసారి తలెత్తి ఇంటి కప్పు వైపు చూశాడు. 

శనివారం పొద్దున్న మంచు పడింది. షిమోజిమా ఒక్కడే పొయ్యి పెద్దది చేసుకుని, ఎవరికీ అక్కర్లేని తలుపుచట్రం చిత్రిక పడుతున్నాడు. సుమియే తన నిచ్చెన తీసుకెళ్ళడానికి వచ్చింది. ముఖానికి గుడ్డ లేదు. బొటనవేలికి కట్టు.

"కూలి బ్యాంకులో వేస్తాను," అన్నాడు తలెత్తకుండా.

"కూలికి రాలేదు. నిచ్చెనకి వచ్చాను." ఆవిడ నిచ్చెన మీద చెయ్యి వేసి ఆగింది. "మేస్త్రీ, ఒక మాట అడుగుతాను. పలక మీద నేను కట్టిన షీటు ఎవరు కోశారు?"

చిత్రిక ఆగింది.

"నేనే కోశాను. అయితే? నా పలకని గాజుదూదిలో పూడ్చిపెట్టావు. పేరు చీకట్లో ఉండాలా? ఇంటిని చూడొద్దా? నువ్వు వెళ్ళాక ఎక్కి, పలక చుట్టూ నీటుగా కోసి, అంచులు దాని వెనక్కి మడిచాను. కాయితం దూరనంత నీటుగా."

"కాయితం దూరదు. గాలి దూరుతుంది. ఆ షీటు వెనక దూలానికీ కప్పుకీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంది. అది మీరు వదిలిందే. కప్పు కుళ్ళకుండా వదలాలిగా." సుమియే నిచ్చెన తెచ్చి వెన్నుదూలం కింద వేసింది. ఈసారి పక్కకి తప్పుకోలేదు, కాలు అడ్డం పెట్టి పట్టుకుంది. "ఎక్కండి. పొయ్యి వేడికి గాలి తనే పైకి పోతుంది, పంకా కూడా అక్కర్లేదు."

అతను చిత్రిక పక్కన పెట్టాడు. తర్వాత అగరొత్తి పొయ్యి మంటకి వెలిగించి నిచ్చెన ఎక్కాడు. పలక ముందుకి చెయ్యి చాచాడు. పొగ నిటారుగా లేస్తుందేమోనని చూశాడు. లేవలేదు. ఒక్క జానెడు లేచి, అడ్డంగా పడుకుని, తన పేరు మీదుగా పాకి, పలక కుడి అంచు వెనక్కి దూరిపోయింది. చెయ్యి ఎడమకి జరిపాడు. అక్కడా అంతే. కింది అంచు దగ్గర పట్టాడు. లోపల ఎవరో ఆత్రంగా పీలుస్తున్నట్టు పొగ దారంలా సాగి లోపలికి పోయింది. నుసి రాలి అతని మణికట్టు మీద పడింది.

"సోమవారమే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు పైనుంచే.

"నోరు తెరిచాను. ముల్లంగి ఊరేసుకోమన్నారు."

"బుధవారం?"

"నిచ్చెన వేశాను. చచ్చాక పట్టమన్నారు." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "రెండు రోజులు నా గోరు అరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు. చెప్పకూడదనే అనుకున్నాను. ఇవాళ కూడా చెప్పకూడదనే వచ్చాను."

"వాడికి తెలుసా? కరసవాకి?"

"సోమవారమే తెలుసు. కెమెరాలో పలక చుట్టూ చలి నీలంగా కనపడింది. బయటికొచ్చాక నన్నడిగాడు, అది ఎవరు కోశారని. మేస్త్రి గారు అన్నాను. అయితే మనం అనకూడదు, మేస్త్రి పేరున్న పలక మీద వేలు చూపించడం మర్యాద కాదు, ఆయనకే తోస్తుంది అన్నాడు."

"మర్యాదా! వాడు నా దొడ్డి కోసం నోరు మూసుకున్నాడు, ఇల్లు అమ్ముడవకపోతే బ్యాంకు దగ్గర చవగ్గా కొట్టేయొచ్చని."

"అయ్యుండొచ్చు. మర్యాదే అయ్యుండొచ్చు. ఆ మనిషి బూట్లు చూస్తే రెంట్లో ఏదో చెప్పడం నావల్ల కాలేదు." సుమియే జేబులోంచి టేపు చుట్ట తీసి చిత్రిక పక్కన పెట్టింది. "పలక తియ్యక్కర్లేదు. చుట్టూ నాలుగు ముక్కలు అంటిస్తే చాలు. ఆయనకి ఫోను చేసి, పలక దగ్గర సందు, నేను కోసింది, అని చెప్పండి. రేపు వచ్చి కొలుస్తాడు."

అతను దిగాక ఆవిడ నిచ్చెన మడిచి భుజానికెత్తుకుంది. మంచులో వ్యాను చప్పుడు మలుపు దాకా వినపడింది.

షిమోజిమా ఫోను తీశాడు. కరసవా నంబరు దాకా వెళ్ళాడు. ఏమనాలో మనసులో కూర్చుకున్నాడు. పలక దగ్గర సందు. అక్కడిదాకా వచ్చింది. నేను కోసింది, అన్నది రాలేదు. అవతల ఆ గొంతు ఎంత మర్యాదగా వింటుందో, ఎంత మెత్తగా "అబ్బెబ్బే, మేస్త్రి గారూ" అంటుందో ముందే వినపడింది. ఫోను జేబులో పెట్టేశాడు. ఆదివారం తలుపుచట్రం మొత్తం చిత్రిక పట్టాడు. ఫోను జేబులోంచి తీసి రెండుసార్లు పొయ్యి పక్కన పెట్టాడు, రెండుసార్లూ మళ్ళీ జేబులో వేసుకున్నాడు. టేపు చుట్ట సుమియే పెట్టినచోటే ఉంది.

సోమవారం మధ్యాహ్నం మొమోసె దంపతులు రాలేదు. వాళ్ళ పేరుతో తీపిబిళ్ళల పెట్టె ఒకటి వచ్చింది, పైన మంచి కాయితం చుట్టి, ఆకుపచ్చ దారం కట్టి. కాదని చెప్పడానికి ఈ లోయలో ఇంతకన్నా తీపి పద్ధతి లేదు. అతను విప్పలేదు.

వసంతం రాకముందే బ్యాంకు రెండూ అమ్మేసింది. కొన్నది కరసవా ఆఫీసే. ఇల్లు పూర్తిచేసి అమ్మారు. కొన్నవాళ్ళు మొమోసెలే. అంకె సున్నా పాయింట్ ఎనిమిది వచ్చిందట. పలకని మాత్రం ముట్టుకోలేదని సుమియేయే చెప్పింది. చుట్టూ తెల్లటి మైనం లాంటిది సన్నగా రాసి మూశారు, షిమోజిమా కాన్‌జి అన్న పేరు మీద ఒక చుక్కయినా పడకుండా. పనిశాలలో చిత్రిక బల్ల ఉన్నచోట ఇప్పుడు మొమోసెల రెండు కార్లు నిలబడతాయి. పనిశాలా దొడ్డీ కలిపి పోయిన నేల, రెండు చాపలు పరిచేంత చోటు ఒక త్సుబో లెక్కన, డెబ్బై ఒకటి పాయింట్ మూడు ఆరు త్సుబోలు.